ఏ పత్రిక అని అడిగాను

మీరు చివరిసారి ఒకరి మేలు కోరి అబద్ధం ఆడినప్పుడు, ఆ మనిషిని ముందుగా ఒక మాట అడిగారా? తొందరపడి జవాబు చెప్పకండి. నేనూ ఒకప్పుడు ఈ ప్రశ్న వినగానే, అసలు అబద్ధమాడే అలవాటే నాకు లేదని మీసం దువ్విన వాణ్ణే. ఇప్పుడు ఆ మీసం తెల్లబడింది, ఆ మాట అనే ధైర్యమూ పోయింది.

పోయిన వారం కళ్లద్దాలు మార్పించుకుందామని అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో దిగాను. మెట్లు దిగుతుంటేనే ఎవరో నా చేతిలో ఒక కరపత్రం కుక్కారు. కోర్సుల పేర్ల కింద ఎర్ర అక్షరాలతో ఉంది: ‘అనుభవం లేదా? మేమిస్తాం.’ కింద ఫోన్ నంబరు. అరవై ఎనిమిదేళ్లు నిండినవాణ్ణి, ఈ వయసులోనైనా కాస్త కొనుక్కుంటే పోలా అనిపించింది. కానీ నవ్వు పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది. ఆ ‘అనుభవం’ ఎలా తయారవుతుందో నాకు బయటినుంచి కాదు, లోపలినుంచి తెలుసు. రెండేళ్ల క్రితం నేనూ ఒక చెయ్యి వేశాను.

ముందు ఆ పిల్ల గురించి చెప్పాలి. మా మరదలి కూతురు. కాకినాడ నుంచి ఇంజనీరింగ్ చదువుకని వచ్చి మధురానగర్‌లో ఒక హాస్టల్లో ఉండేది. పంజాగుట్టలో మా ఇల్లు ఉండగా హాస్టలెందుకని మీరు అడగవచ్చు. మా ఇంటికి రెండు గదులు. ఒకదానిలో మేమిద్దరం ఉంటాం, రెండోదానిలో నా పత్రిక పాత సంచికలు ఉంటాయి. ముప్పై మూడేళ్లుగా నెలనెలా నడుపుతున్న చిన్న పత్రిక అది. బాబాల మహిమలనూ, జాతకాల వ్యాపారాన్నీ, తాయెత్తులనూ ఉతికి ఆరెయ్యడమే దాని పని. మా ఆవిడ లెక్కలో అది నా రెండో సంసారం, అందుకే దానికి వేరే గది ఇచ్చింది.

ఆదివారం ఆదివారం ఆ పిల్ల మా ఇంటికి వచ్చేది. చదువు మూడో ఏడాదిలో ఉండగా ఒక రోజు మంచం మీద పడున్న ప్రూఫ్ కాగితాలు తీసి, పెన్సిలు అడిగింది. అప్పటినుంచి రెండేళ్లపాటు పత్రికలో ఒక్క పేజీ కూడా ఆమె కంటిని దాటి అచ్చుకు పోలేదు. అచ్చుతప్పులు పట్టేవాళ్లు చాలామంది ఉంటారు. ఈ పిల్ల పట్టిన ప్రతి తప్పునూ ఒక పొడుగాటి నోటుబుక్కులో రాసేది: ఏ పేజీ, ఏ వరుస, తప్పు ఎలాంటిది, నేను రాసిందా, పేజీలు పెట్టే కొట్లో కంప్యూటర్ దగ్గర పడిందా, పోయిన నెల కూడా ఇదే పడిందా. ఒకసారి నేను ఒక స్వామివారి గుట్టు రట్టు చేస్తూ ఉద్రేకంగా ఒక వ్యాసం రాశాను. అంచున పెన్సిలుతో ఒక ప్రశ్న వచ్చింది: ‘ఇది మీరు చూశారా, విన్నారా?’ నాకు ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లుగా జనాన్ని అదే ప్రశ్న అడిగి బతుకుతున్న నన్ను, ఇరవై ఏళ్ల పిల్ల ఆ ప్రశ్నే అడుగుతుందా? మధ్యాహ్నం భోజనం మానేసి అలిగాను. సాయంత్రానికి ఆ పేరా కొట్టేశాను. నేను విన్నదే మరి, చూసింది కాదు. ఈ పనికి ఆమెకు మేమిచ్చిందల్లా టీ, ఉప్మా, బస్సు దాకా తోడు.

చదువు అయ్యాక అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సులో చేరింది. టెస్టింగ్ అంటే ఏమిటే అని అడిగితే, “మీ పత్రికకు చేస్తున్నదే పెదనాన్నా, ఇక్కడ కంప్యూటర్ ప్రోగ్రాముకు చేస్తారు” అంది. అంత సులువుగా నాకు ఇంకెవరూ సాఫ్ట్‌వేర్ విప్పి చెప్పలేదు. కోర్సు అయిపోయింది. ఉద్యోగం రాలేదు. ఎక్కడికి వెళ్లినా మూడేళ్ల అనుభవం అడిగేవారు. ఉద్యోగం ఇవ్వకుండా అనుభవం ఎక్కణ్ణుంచి వస్తుందో అడిగే తర్కం అక్కడ ఎవరికీ అక్కర్లేదు. తర్కం చెల్లని చోట ఏదో ఒక మూఢాచారం పుట్టుకొస్తుంది, నేను వందసార్లు రాసిన మాటే. అమీర్‌పేటలో పుట్టిన ఆచారం పేరు ‘ఫేక్ పెట్టడం’. లేని కంపెనీలో లేని ఉద్యోగం మూడేళ్లు చేసినట్టు కన్సల్టెన్సీల వాళ్లు కాగితాలు తయారు చేస్తారు. ఉద్యోగం ఇచ్చేవాళ్లు విచారించడానికి ఫోన్ చేస్తే, ‘అవును, మా దగ్గరే చేసింది’ అని చెప్పే మేనేజరును కూడా వాళ్లే ఏర్పాటు చేస్తారు. తాయెత్తు కట్టుకున్నవాడు తననొక్కణ్ణే మోసం చేసుకుంటాడు. ఇందులో ఇల్లు ఇల్లంతా కూర్చుని ఆలోచించి మరీ మోసం చేస్తుంది. ఆ వీధుల్లో ఫ్లెక్సీల మీద నవ్వుతున్న ‘విజేతల’ ఫోటోలు చూసినప్పుడల్లా, వీళ్లలో ఎందరు తమ కష్టంతో నవ్వుతున్నారో, ఎందరు భయపడుతూ నవ్వుతున్నారో అనుకునేవాణ్ణి. దీని మీద ఒక సంపాదకీయం కూడా రాశాను. దాని ప్రూఫు దిద్దింది ఆ పిల్లే.

ఆ సంపాదకీయం అచ్చయిన నెలలోనే మా తోడల్లుడు, అంటే ఆ పిల్ల తండ్రి, కాకినాడ నుంచి దిగాడు. నెమ్మదస్తుడు, బ్యాంకులో గుమాస్తాగా చేసి రిటైరైనవాడు, జీవితంలో ఎవరి దగ్గరా గొంతు పెంచనివాడు. కాఫీ తాగి, మా ఆవిడ వంటింట్లోకి వెళ్లేదాకా ఆగి, “అన్నయ్యగారూ, మీతో చిన్న పని పడింది. కాదనకూడదు” అన్నాడు. నన్ను అమీర్‌పేట తీసుకెళ్లాడు.

రెండో అంతస్తులో ప్లైవుడ్డు గోడల గది. కన్సల్టెన్సీ నడిపే మనిషికి ముప్పై అయిదుంటాయేమో, మర్యాదస్తుడు, మాకు కుర్చీలు తుడిచి మరీ వేశాడు. కష్టమేమిటంటే, మేనేజరుగా మాట్లాడటానికి వాళ్లకున్న మనిషి గొంతు ఊళ్లో కంపెనీలన్నీ గుర్తుపట్టేశాయట.

“ఆయనది ఒక్కటే గొంతు సార్, పది కంపెనీలకు మేనేజర్. ఎన్నొద్దులు నడుస్తది చెప్పుండ్రి?” అన్నాడు అతను.

“మా అన్నయ్యగారిది సభల్లో మాట్లాడిన గొంతండీ” అన్నాడు మా తోడల్లుడు, సంబంధం మాట్లాడుతున్నవాడిలా. “ఎంత పెద్దవాళ్లయినా నోరు మూసుకుని వినాల్సిందే.”

“అయితే మస్తు సార్. మీరు మూడే ముక్కలు చెప్పాలె. మూడేండ్లు చేసింది. టెస్టింగ్ టీమ్ల ఉండె. మంచిగ చేసింది. గంతే. ఎక్కువ మాట్లాడితె దొరికిపోతం.”

“ఇది మోసం కాదూ?” అని అడిగాను. నా గొంతు అంత మెత్తగా నేనెప్పుడూ వినలేదు.

“ఎవలిని మోసం చేస్తున్నం సార్? పని రాకపోతె నెలకే ఎల్లగొడ్తరు. పని వస్తె ఉంచుకుంటరు. లోపటికి పోయెటందుకే గిదంత. ఫికర్ చెయ్యకుండ్రి, అందరు చేస్తున్నదే” అన్నాడు.

అందరూ చేస్తున్నదే. ఈ మాటను నేను వేదికల మీద ఎన్నిసార్లు చీల్చి చెండాడానో లెక్కలేదు. ఆ రోజు మాత్రం బల్ల మీది కాగితం తీసి చదివాను. నేను మేనేజరుగా ఉండబోయే కంపెనీకి ఒక దేవుడి పేరు పెట్టి, చివర టెక్ అని తగిలించారు. దేవుడు లేడని వాదించి వాదించి, చివరికి ఆయన కంపెనీలోనే ఉద్యోగానికి కుదిరాను. మెట్లు దిగుతూ మా తోడల్లుడు నా చెయ్యి పట్టుకున్నాడు. “పిల్లతో ఈ సంగతి ఎత్తకండి, సిగ్గుపడుతుంది. నేను మాట్లాడాను, ఒప్పుకుంది” అన్నాడు. అతని అరచేయి చెమటతో తడిసి ఉంది. ఒక్క ఫోన్ చేసి ఆ పిల్లనే అడిగితే సరిపోయేది. చూశావా, విన్నావా అనే ప్రశ్న నాకు అప్పుడు గుర్తు రాలేదు. కాదు, గుర్తు రానివ్వలేదు.

నాలుగో రోజు పదకొండు గంటలకు ఫోన్ మోగింది. ఒక అమ్మాయి గొంతు. సోమాజిగూడలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి మాట్లాడుతున్నానని చెప్పి, మా పిల్ల పేరు చెప్పి, “మీ దగ్గర పనిచేశారని రాశారు సార్. రెండు నిమిషాలు మాట్లాడొచ్చా?” అంది. నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. మూడు ముక్కలూ చెప్పాను. సభల్లో మాట్లాడిన గొంతు కదా, మూడు ముక్కలతో ఆగలేదు. టీమ్‌లో ఎందరున్నారో చెప్పాను, ఆమె పట్టుదలను మెచ్చుకున్నాను, ఆమె మానేసినప్పుడు కంపెనీకి ఎంత నష్టం జరిగిందో కూడా చెప్పాను.

అవతల కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది. తర్వాత ఆ అమ్మాయి నెమ్మదిగా, “సార్, అది సాఫ్ట్‌వేర్ కంపెనీయేనా? పత్రిక కాదా?” అని అడిగింది.

ఎవరో నా గుట్టు చెప్పేశారనుకున్నాను. నేను మేనేజరును కాననీ, పత్రిక నడిపే ముసలాణ్ణనీ వీళ్లకు తెలిసిపోయింది, వల పన్నుతున్నారు అనుకున్నాను. అందుకని ఇంకాస్త గంభీరంగా, “పత్రికా? ఏ పత్రికమ్మా? నాకు ఏ పత్రికా లేదు” అన్నాను. “సరే సార్, థాంక్యూ” అని ఆమె ఫోన్ పెట్టేసింది. ఆ పూట నేను ఆకలిగా భోజనం చేశాను. ఇంకో గరిటె పప్పు వేయించుకున్నాను కూడా.

సాయంత్రం ఆ పిల్ల వచ్చింది. చెప్పులు విప్పుతూనే, “పెదనాన్నా, మీకు ఫోన్ వచ్చిందా?” అంది. మొహం వెలిగిపోతోంది. గుక్క తిప్పుకోకుండా చెప్పింది. తండ్రి ఫేక్ పెట్టమని వారం రోజులు పోరు పెట్టాడట, చచ్చినా పెట్టనందట. “మీ ప్రూఫులు దిద్ది, మళ్లీ ఆ పని ఎలా చేస్తాను?” అంది. ఈ కంపెనీలో తనకు ఉద్యోగానుభవం లేదని ముందే చెప్పేసిందట. నోటుబుక్కు తీసి చూపించిందట, రెండేళ్లుగా ఒక పత్రికలో తప్పులు ఇలా పట్టుకుంటున్నానని. వాళ్లు ఆ నోటుబుక్కును గంటసేపు తిరగేసి, ‘మాకు ఇలాంటి కన్నే కావాలి, నీ పని చూసిన మనిషి ఒకరు చెబితే చాలు’ అన్నారట. “పొద్దున్నే ఫారంలో మీ నంబరు రాసిచ్చాను. ఇంత తొందరగా చేస్తారనుకోలేదు. వచ్చిందా?”

“వచ్చింది” అన్నాను.

“ఏం చెప్పారు?”

“బాగానే చెప్పాను.”

పొద్దున ఆడిన అబద్ధం ఆ పిల్ల కోసం అనుకున్నాను. ఈ రెండోది నాకోసం. దానికి ఏ కన్సల్టెన్సీ వాడూ కాగితం రాసివ్వలేదు.

మూడో రోజున ఆమెకు మెయిల్ వచ్చింది. వివరాలు సరిపోలలేదు, క్షమించండి అని. నేను చెప్పలేదు. రేపు చెబుదాం, కాస్త తేరుకోనీ, అనుకుంటూ మూడు వారాలు గడిపాను. ఆ మూడు వారాలూ ఆ పిల్ల తన నిజాయితీనే ప్రూఫుకాగితంలా ముందు పెట్టుకుని, తప్పు ఎక్కడ పడిందో వెతుక్కుంది. నోటుబుక్కు చూపించడం చిన్నపిల్ల చేష్టలా అనిపించిందేమో అంది. అనుభవం లేదని అంత గట్టిగా చెప్పకుండా ఉండాల్సిందేమో అంది. నేను తల ఊపుతూ విన్నాను. బాబాల నోరు మూయించినవాణ్ణి, నా నోరు తెరవలేకపోయాను. నాలుగో ఆదివారం మధ్యాహ్నం మా ఆవిడ చిక్కుడుకాయలు ముందు పోస్తే, మేమిద్దరం ఈనెలు తీస్తూ కూర్చున్నాం. ఆ పిల్ల తల ఎత్తకుండానే, “రేపు నాన్న చెప్పిన కన్సల్టెన్సీకి వెళ్తున్నాను పెదనాన్నా. నిజం చెబితే ఏమవుతుందో చూశాను కదా” అంది.

అప్పుడు చెప్పాను. ప్లైవుడ్డు గోడల గది దగ్గర మొదలుపెట్టి, దేవుడి కంపెనీ, మూడు ముక్కలు, అన్నీ చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

“వాళ్లు పత్రిక గురించి అడగలేదా?”

“అడిగారు.”

“మరి మీరేమన్నారు?”

“ఏ పత్రిక అన్నాను.”

ఆమె నవ్వింది. నిజంగానే ఫక్కున నవ్వింది. “ముప్పై ఒక్కేళ్ల పత్రికండీ పెదనాన్నగారూ” అంది. ఎప్పుడూ నన్ను ‘గారూ’ అనని పిల్ల. తర్వాత ఆ నవ్వు మొహం మీదే ఉండి, కళ్లు మాత్రం నిండిపోయాయి. “నాన్న భయపడ్డారు, సరే. మీరు నన్ను ఒక్క మాట అడగలేకపోయారా? నా పని చాలదనుకున్నారా?” అని, లేచి చేతులు కడుక్కుని హాస్టలుకు వెళ్లిపోయింది. వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్న మా ఆవిడ, మిగిలిన కాయలన్నీ నా ముందుకు తోసి లోపలికి వెళ్లింది. ఆ సాయంత్రం దాకా ఈనెలు తీశాను.

నిజమే, చాలదనుకున్నాను. నా నేరం అసలు అక్కడ ఉంది, ఫోన్‌లో కాదు. రెండేళ్లు నా కళ్లెదుట ఒక మనిషి ఓపికతో, నిక్కచ్చిగా ఒక పని చేస్తుంటే, దాన్ని ఆదివారం కాలక్షేపమనుకున్నాను. విజయమంటే కష్టమూ శీలమూ అని వ్యాసాలు రాసిన చేత్తోనే, ఆ రెండూ కలిసి నా మంచం మీద కూర్చుని పెన్సిలు చెక్కుకుంటుంటే గుర్తుపట్టలేకపోయాను. అనుభవం అంటే కంపెనీ లెటర్‌హెడ్డు మీద ఉండేదే అని అమీర్‌పేట నమ్మినట్టే నేనూ నమ్మాను. నా మూఢనమ్మకానికి విభూతి రాయలేదు, అంతే తేడా.

మర్నాడు సోమాజిగూడలో ఆ కంపెనీకి వెళ్లాను. ఫోన్ చేసిన అమ్మాయే వచ్చింది, కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. మా పిల్ల రాసిందంతా నిజమనీ, అబద్ధం నాదనీ చెప్పాను. పత్రిక నాలుగు సంచికలు కూడా బల్ల మీద పెట్టాను. ఆమె వాటిని తిరగేసి, “ఆ ఉద్యోగంలో వేరే వాళ్లు చేరిపోయారు సార్” అంది. సంచికలు నా వైపు జరిపి, “ఆ రోజు నేను పత్రిక కాదా అని ఎందుకడిగాననుకున్నారు? మీరు దిద్దుకుంటారేమోనని” అంది. మనసులో ఏమనుకుందో గానీ, లిఫ్టు దాకా వచ్చి సాగనంపింది. ఆ మర్యాద నన్ను మరీ చిన్నవాణ్ణి చేసింది.

ఆ పిల్ల ఫేక్ పెట్టలేదు. కానీ నా పత్రిక ప్రూఫులు మళ్లీ ముట్టుకోలేదు. అయిదు నెలల తర్వాత ఉద్యోగం వచ్చింది, పెద్దదేమీ కాదు. ఈసారి తన పని చూసిన మనిషిగా ఎవరి పేరు ఇచ్చిందో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. మా పత్రిక పేజీలు కంప్యూటర్ మీద పెట్టే మనిషి చెబితేనే తెలిసింది. పంజాగుట్ట సందులో అతనికి చిన్న కొట్టు ఉంది. పదో తరగతి దాటనివాడు, ఇంగ్లీషు రానివాడు.

“నాకు ఫోన్ జేసిండ్రు సార్. ఇంగ్లీషు రాదని ముందుగాలనే చెప్పిన, తెలుగుల అడగమన్న” అన్నాడు, తెర మీదినుంచి కళ్లు తిప్పకుండానే. “గా పాప పని ఎట్ల చేస్తది అన్నరు. నేనేమన్న అంటే, ఎవలికి కనపడదులే అని నేను వదిలేసిన తప్పు సుత పట్టుకుంటది. పట్టుకున్నంక తిట్టదు. గా తప్పు ఎందుకు పడ్తదో పక్కన కూసొని చూపెడ్తది. ఆమె వస్తుందంటె ఏం తప్పు పడ్తదోనని నాకు బుగులు, రాకపోతె అంతకన్న బుగులు అన్న. వాళ్లు నవ్విండ్రు.”

“ఇంకేమైనా అడిగారా?”

“ఏమడుగుతరు సార్? ఉన్నది చెప్పినంక ఏముంటది అడిగెటందుకు?”

అతనికి ఎవరూ మూడు ముక్కలు రాసివ్వలేదు, గొంతు సవరించుకోవలసిన అవసరమూ రాలేదు. ఒక మనిషి గురించి అడగ్గానే, చూసినవాడి నోటినుంచి తడుముకోకుండా ఒక మంచి మాట వస్తే, ఆ మనిషి గెలిచినట్టే. జీతం తర్వాత వస్తుంది, ఒక్కోసారి రాదు. ఇంతకుమించిన నిర్వచనం నా దగ్గర లేదు. అది కూడా నేను కనిపెట్టింది కాదు, ఆ కొట్లో స్టూలు మీద కూర్చుని నేర్చుకున్నది.

ఇప్పుడు ఆ పిల్ల పండక్కీ పబ్బానికీ వస్తుంది, మా ఆవిడతో గంటలు గంటలు మాట్లాడుతుంది, నన్ను బాగున్నారా పెదనాన్నా అంటుంది. కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని అప్పుడప్పుడు అనిపిస్తుంది. పత్రిక వస్తూనే ఉంది, నెలకు పాతిక తప్పులతో. మూడు వారాలు అని ఇందాక తేలిగ్గా రాసేశాను. ఇరవయ్యొక్క ఉదయాలు ఒక పిల్ల తాను నిజం చెప్పినందుకే ఓడిపోయానని అనుకుంటూ నిద్ర లేచింది. ఆ ఉదయాల్లో ఏ ఒక్కదాన్నయినా నేను ఒక్క వాక్యంతో ఆపగలిగేవాణ్ణి. ఇవాళ వంద పేజీలు రాసినా ఒక్కదాన్ని కూడా ఆపలేను. గడిచిన రోజును దిద్దడానికి పెన్సిలు లేదు.

అందుకని మీరు ఇది చదివి, పాపం పెద్దాయన అని జాలిపడి, పేజీ తిప్పకండి. మీ ఇంట్లోనూ పిల్లలున్నారు. వాళ్ల తరఫున, వాళ్లకు తెలియకుండా, మీరు ఎక్కడో ఏదో చెప్పే ఉంటారు. లేవండి. మీ పిల్లల దగ్గరికి వెళ్లి, ఎవరికి ఏం చెప్పారో ఒక్క ముక్క వదలకుండా చెప్పండి. తర్వాత ఇన్నాళ్లూ వాళ్లు చేసిన పనిని బల్ల మీద పెట్టమని, మొదటిసారి మీ కళ్లతో చూడండి. రేపు కాదు, ఇవాళ.